ఊరిదే విమానాశ్రయం, మూసే హక్కు మాత్రం ఊరికి లేదు

మన మునిసిపాలిటీలకి బస్టాండు కూడా సొంతం కాదు. అది ఆర్టీసీది. రైల్వే స్టేషన్ రైల్వేది. విమానాశ్రయమంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీదో, జీఎంఆర్ లాంటి కంపెనీదో అయ్యుంటుంది. మునిసిపాలిటీ చేతిలో ఉండేవి నీళ్ళ ట్యాంకులు, చెత్త బళ్ళు, కూరగాయల మార్కెట్టు. కాబట్టి ఒక ఊరి మునిసిపాలిటీ తన సొంత విమానాశ్రయాన్ని మూసెయ్యడానికి దాదాపు నలభై ఏళ్ళు పోరాడిందంటే మనకి రెండుసార్లు ఆశ్చర్యం వేస్తుంది. మునిసిపాలిటీకి విమానాశ్రయం ఉండటమేమిటి? ఉన్నా, సొంతదాన్ని మూసుకోడానికి కోర్టులెందుకు?

మొదటిదానికి జవాబు తేలిక. అమెరికాలో అందరూ వాడుకోదగ్గ విమానాశ్రయాలు సుమారు 5,000 ఉన్నాయి. టికెట్టు కొని ఎక్కే విమానాలు వచ్చేవి వాటిలో 500కి అటూ ఇటుగా ఉంటాయి. మిగతావాటిలో చాలా భాగం చిన్న ఊళ్ళవీ, కౌంటీలవీ (మన జిల్లాల్లాంటివి). అక్కడ చెక్-ఇన్ కౌంటర్లుండవు, సామాను తిరిగే బెల్టులుండవు. విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు, సొంత విమానమున్న డాక్టర్లు, పొలాలకి మందు చల్లేవాళ్ళు, పేషెంట్లని తీసుకెళ్ళే ఎయిర్ అంబులెన్సులు, డబ్బున్నవాళ్ళ జెట్‌లు వాటిని వాడుకుంటాయి. ఊరికి పార్కు, లైబ్రరీ ఎలాగో విమానాశ్రయమూ అలాగే.

రెండో ప్రశ్న అంత తేలిక కాదు. దానికోసం కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున, లాస్ ఏంజెలస్‌ని ఆనుకుని ఉన్న శాంటా మోనికా అనే ఊరికి వెళ్ళాలి. జనాభా 90,000 దాకా ఉంటుంది. ఊరి ఆగ్నేయపు మూల 227 ఎకరాల విమానాశ్రయం ఉంది. మన శంషాబాద్ విమానాశ్రయం 5,500 ఎకరాలు, అందులో ఇది ఇరవయ్యో వంతు కూడా రాదు. ఇంత చిన్న జాగా మీద ఎన్ని కేసులు నడిచాయో, ఎన్ని తీర్పులొచ్చాయో చూస్తే మన ఊళ్ళ గట్టు తగాదాలు గుర్తొస్తాయి.

బార్లీ చేను నుంచి డకోటా దాకా

మొదట ఇదొక బార్లీ చేను. చదునుగా ఉందని పైలట్లు దిగడం మొదలుపెట్టారు. 1923లో దీనికి క్లోవర్ ఫీల్డ్ అని పేరు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో చనిపోయిన గ్రేయర్ క్లోవర్ అనే కుర్ర పైలట్ ఇంటిపేరు అది. 1926లో ఊరు బాండ్లు అమ్మి ఈ నేల కొనుక్కుంది. ఆ బాండ్లకి జనం ఓటేసింది పార్కు కోసమని. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

డొనాల్డ్ డగ్లస్ అనే ఇంజనీరు ఒక మంగలి షాపు వెనక గదిలో విమానాల కంపెనీ మొదలుపెట్టి, 1922లో ఇదే ఊళ్ళో పాడుబడ్డ సినిమా స్టూడియోలోకి మారాడు. స్టూడియోలో విమానం కట్టొచ్చు గానీ ఎగరెయ్యలేరు కదా. అందుకు క్లోవర్ ఫీల్డ్ ఉంది. 1924 మార్చి 17న డగ్లస్ కట్టిన సైనిక విమానాలు నాలుగు ఇక్కణ్ణుంచి సియాటిల్‌కి వెళ్ళి, అక్కణ్ణుంచి భూమి చుట్టిరావడానికి బయల్దేరాయి. దారిలో కలకత్తాలో ఆగి, నీళ్ళ మీద దిగడానికి పెట్టుకున్న తేలుడు తొట్లు విప్పేసి చక్రాలు తగిలించుకున్నాయి. సియాటిల్ నుంచి మళ్ళీ సియాటిల్‌కి 175 రోజులు పట్టింది. చుట్టు మొత్తం పూర్తిచేసినవి రెండే. 1929లో అమెరికాలో ఆడవాళ్ళ మొదటి దేశవ్యాప్త విమానాల పోటీ కూడా ఇక్కడే మొదలైంది. అందులో అమీలియా ఇయర్‌హార్ట్‌కి మూడో స్థానం, లూయీస్ థేడన్‌కి మొదటి స్థానం వచ్చాయి.

ఈ నేల నుంచి 1935 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరిన ఒక విమానం మన దాకా వచ్చింది. అదే డీసీ-3. మనవాళ్ళకి డకోటా అంటే తెలుస్తుంది. సైన్యానికి కట్టినవీ కలుపుకుంటే ఈ రకం పదివేలకి పైగా తయారయ్యాయి. యుద్ధం అయ్యాక మిగిలిపోయినవి చవగ్గా దొరికాయి. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి బేగంపేట కేంద్రంగా నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఎగరేసినవి ఈ డకోటాలే. 1947లో శ్రీనగర్‌కి మన సైనికుల్ని దింపినవీ అవే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి డగ్లస్ ఫ్యాక్టరీలో 40,000కి పైగా మనుషులు పనిచేశారు. జపాన్ విమానాలు బాంబులేస్తాయేమోనని ఫ్యాక్టరీ మీద తీగ వల కప్పి, వల మీద ఉత్తుత్తి ఇళ్ళు, చెట్లు, వీధులు కట్టారు. కట్టింది హాలీవుడ్‌లో సినిమా సెట్లు వేసేవాళ్ళే. పైనుంచి చూస్తే మామూలు పేటలా కనపడేది. సొంత పైలట్లే రన్‌వే ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చిందని అక్కడ కథలుగా చెప్పుకుంటారు.

ఇప్పటి గొడవకి విత్తనం కూడా అక్కడే పడింది. అంతమంది పనివాళ్ళకి ఇళ్ళు కావాలి. ఫ్యాక్టరీ చుట్టూ వరసగా చిన్న చిన్న ఇళ్ళు లేచాయి. రన్‌వే రెండు కొసల దాకా వచ్చేశాయి. 2017 దాకా కొన్ని ఇళ్ళకీ రన్‌వే కొసకీ మధ్య దూరం 300 అడుగులే.

పైలట్లు పేటవాసుల్ని ఎప్పుడూ ఒకటే దెప్పుతారు. "విమానాశ్రయం మీకంటే ముందునుంచీ ఉంది, చూసుకునే కదా ఇల్లు కొన్నారు?" అని. మాట నిజమే, కాకపోతే సగమే. ఆ ఇళ్ళు కట్టినప్పుడు అక్కడ తిరిగినవి పంకా ఇంజన్ల విమానాలు. 1960ల్లో జెట్‌లు వచ్చాయి. ఆ జెట్‌లు తీసుకొచ్చింది డగ్లస్ కూడా కాదు. కంపెనీ 1950ల చివర్లో తన కొత్త డీసీ-8 జెట్ కోసం రన్‌వే పొడిగించమని అడిగింది. ఇళ్ళు కూలగొట్టాల్సి వస్తుందని ఊరు ఒప్పుకోలేదు. డగ్లస్ ఆ పనిని లాంగ్ బీచ్‌కి తీసుకెళ్ళిపోయింది, 1970ల్లో ఇక్కడి ఫ్యాక్టరీ మూతపడింది. ఉద్యోగాలు పోయాయి, రన్‌వే మిగిలింది. దాన్ని ప్రైవేటు జెట్‌లు పట్టుకున్నాయి. హాలీవుడ్‌కి, బెవర్లీ హిల్స్‌కి ఇంత దగ్గర్లో ఇంకో రన్‌వే ఎక్కడ దొరుకుతుంది?

చప్పుడు వాళ్ళది, బిల్లు మనది

అమెరికాలో ఆకాశం మొత్తం కేంద్రానిది. ఏ విమానం ఏ ఎత్తులో, ఏ దారిలో పోవాలో ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ చెబుతుంది. క్లుప్తంగా ఎఫ్ఏఏ. మన దేశంలో విమానాల నియమాలు చూసుకునే డీజీసీఏ చేసే పనితో పాటు ఆకాశంలో ట్రాఫిక్ నడపడం కూడా దాని పనే. శాంటా మోనికా టవర్‌లో కూర్చుని "దిగు, ఆగు" అని చెప్పేవాళ్ళు మునిసిపాలిటీ ఉద్యోగులు కారు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు.

మరి విమానం చప్పుడుకి నష్టపోయినవాడు ఎవరి మీద కేసు వెయ్యాలి? ఈ కథ కోళ్ళతో మొదలైంది. నార్త్ కరోలినాలో కాస్బీ అనే ఆయన కోళ్ళఫారం నడిపేవాడు. పక్కనున్న విమానాశ్రయంలో దిగే సైనిక విమానాలు ఆయన కప్పు మీదుగా మరీ కిందగా పోయేవి. బెదిరిపోయిన కోళ్ళు ఎగిరి గోడలకి కొట్టుకుని 150 దాకా చచ్చాయి. 1946లో సుప్రీంకోర్టు ఏమందంటే, భూమి ఉన్నవాడికి ఆకాశం చివరిదాకా హక్కేమీ లేదు గానీ, ఇంత కిందగా ఎగిరితే అది భూమిని లాక్కోవడంతో సమానం, పరిహారం కట్టాల్సిందే. అక్కడ ఎగిరినవి సైన్యం విమానాలు కాబట్టి కేంద్రం కట్టింది. 1962లో పిట్స్‌బర్గ్ విమానాశ్రయం మీద ఇలాంటి కేసే వచ్చింది. ఈసారి విమానాలు ప్రైవేటు కంపెనీలవి, దారులు చెప్పింది కేంద్రం, విమానాశ్రయం కౌంటీది. కౌంటీయే కట్టాలని సుప్రీంకోర్టు తేల్చింది. రన్‌వే ఎక్కడ కట్టాలో, చుట్టూ ఎంత నేల కొనాలో తేల్చుకున్నది కౌంటీయే కదా అని కోర్టు వాదన.

మన ఊరి పోలికలో చెప్పాలంటే, ఫంక్షన్ హాల్లో డీజే ఎంత గట్టిగా పెట్టాలో ఎవరో నిర్ణయిస్తారు, పెట్టేది ఇంకెవరో, పక్కింటివాళ్ళకి నష్టపరిహారం మాత్రం హాలు ఓనరు కట్టాలి.

1972లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నేరుగా శాంటా మోనికా కేసులోనే, చప్పుడు వల్ల బాధపడ్డవాళ్ళు ఊరి మీద దావా వేసుకోవచ్చని చెప్పింది. ఊరికి టెన్షన్ పట్టుకుంది. మరుసటి ఏడాది పక్క ఊరు బర్‌బ్యాంక్ కేసు సుప్రీంకోర్టుకెళ్ళింది. అక్కడ విమానాశ్రయం లాక్‌హీడ్ కంపెనీది. రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా జెట్‌లు ఎగరకూడదని ఊరు చట్టం చేసింది. చెల్లదని 5-4 తేడాతో తీర్పొచ్చింది, ఆకాశం విషయంలో ఊళ్ళు వేలు పెట్టకూడదని. అయితే ఆ తీర్పులో 14వ ఫుట్‌నోట్ ఒకటుంది. విమానాశ్రయం ఊరి సొంతమైతే, ఓనరు హోదాలో ఊరు ఏం చెయ్యొచ్చో మేమిక్కడ తేల్చట్లేదు అని. తీర్పంతా ఒక ఎత్తు, ఆ చిన్నక్షరాల ముక్క ఒక ఎత్తు. ఆ తర్వాత ఊళ్ళు ఎన్నో కేసుల్లో దాన్నే పట్టుకుని వేలాడాయి. నష్టపరిహారం ఓనరు కట్టాలంటే, ఆ నష్టం తగ్గించుకునే అధికారం ఓనరుకి కొంతైనా ఉండాలి కదా అని.

1975లో శాంటా మోనికా ఆ దారి పట్టింది. జెట్‌లు పూర్తిగా బంద్, రాత్రిపూట విమానాలు పైకి లేవకూడదు, హెలికాప్టర్ శిక్షణ వద్దు, శనాదివారాలు టచ్-అండ్-గో వద్దు. టచ్-అండ్-గో అంటే నేర్చుకునేవాళ్ళు విమానం దించి, ఆపకుండానే మళ్ళీ లేపి, చుట్టు తిరిగొచ్చి మళ్ళీ దించడం. ఆదివారం మధ్యాహ్నం నిద్రపోదామనుకున్నవాడికి అది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1979లో కోర్టు మిగతావన్నీ ఉంచి జెట్‌ల నిషేధం ఒక్కటీ కొట్టేసింది. కొత్త జెట్‌లు కొన్ని పంకా విమానాల కంటే మెత్తగా ఎగురుతున్నాయి, చప్పుడు కొలిచి ఆపండి గానీ ఇంజన్ రకం చూసి ఆపొద్దు అని. నాకైతే ఇందులో తప్పు కనపడదు. ఊరికి అసలు గొడవ చప్పుడుతోనా, జెట్‌లతోనా అన్న తేడా కోర్టు పట్టుకుంది.

సంతకాలు

కోపమొచ్చిన ఊరు 1981లో విమానాశ్రయం మూసేస్తామని తీర్మానం చేసింది. అప్పుడు పాత పెట్టెలు తెరిస్తే కాగితాలు బయటపడ్డాయి.

మొదటిది 1948 నాటిది. యుద్ధకాలంలో ఈ నేలని కేంద్రం అద్దెకి తీసుకుని, కొంత ఖర్చుపెట్టి బాగుచేసింది. 1948లో వెనక్కి ఇచ్చేస్తూ ఒక షరతు రాసింది. దీన్ని ఎప్పటికీ విమానాశ్రయంగానే వాడాలి, లేకపోతే మాకు వచ్చేస్తుంది అని. మన అసైన్డ్ భూముల సంగతి తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పట్టా చేతిలో ఉంటుంది, పన్ను కడతాం, కానీ షరతు తప్పితే సర్కారు వచ్చి లాక్కోవచ్చు. తేడా ఏమిటంటే అసైన్డ్ భూమి మొదట సర్కారుది. ఇక్కడ నేల ముందునుంచీ ఊరిది. "మీరు అద్దెకున్నవాళ్ళు, ఖాళీ చేసి వెళ్తూ ఇల్లెలా వాడాలో మాకు చెప్పడమేమిటి, ఎన్నడూ మీది కానిది మళ్ళీ మీకెలా వస్తుంది?" అని ఊరు వాదించింది. కేంద్రం ఒప్పుకోలేదు.

1984లో రాజీ కుదిరింది. 2015 జులై 1 దాకా విమానాశ్రయం నడపాలి. బదులుగా చప్పుడుకి 95 డెసిబెల్ పరిమితి పెట్టుకోవచ్చు, రాత్రి నియమాలు ఉంచుకోవచ్చు, వాడుకలో లేని కొంత నేలని వేరే పనులకి తీసుకోవచ్చు. ఈ రాజీ విలువ తర్వాత తెలిసొచ్చింది. 1990లో అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేసి, ఊళ్ళు కొత్తగా చప్పుడు నియమాలు పెట్టుకోవడం దాదాపు అసాధ్యం చేసింది. ముందే ఉన్నవి మాత్రం నిలబడ్డాయి. శాంటా మోనికావి అందుకే ఇంకా ఉన్నాయి.

రెండో రకం కాగితాలు గ్రాంట్లు. ఇవే అన్నిటికంటే ముఖ్యం, ఒక్క ఈ ఊరికే కాదు, అమెరికాలో చిన్న విమానాశ్రయం ఉన్న ప్రతి ఊరికీ. విమానం టికెట్ల మీద, ఇంధనం మీద వేసే పన్నులు ఒక నిధిలో పడతాయి. అందులోంచి ఎఫ్ఏఏ రన్‌వేలు బాగుచేసుకోడానికి డబ్బిస్తుంది. చిన్న విమానాశ్రయాలకి మామూలుగా ఖర్చులో 90 శాతం అదే పెట్టుకుంటుంది. జాతీయ జాబితాలో ఉంటే ఏడాదికి 1,50,000 డాలర్ల దాకా కేటాయింపు ఉంటుంది. రన్‌వే మీద తారు మళ్ళీ వెయ్యాలంటే లక్షల డాలర్లు. చిన్న ఊరికి అంత ఎక్కణ్ణుంచి వస్తుంది? తీసుకుంటుంది, సంతకం పెడుతుంది.

ఆ సంతకం కింద నలభై దాకా హామీలుంటాయి. విమానాశ్రయం మీద వచ్చే ప్రతి పైసా విమానాశ్రయం మీదే ఖర్చుపెట్టాలి, ఊరి రోడ్లకి వాడుకోకూడదు. దిగొచ్చినవాళ్ళ మధ్య తేడా చూపించకూడదు. ఒక్క కంపెనీకే గుత్తగా అప్పజెప్పకూడదు. పనుల కోసం తీసుకున్న డబ్బయితే సాధారణంగా ఈ హామీలు 20 ఏళ్ళు నడుస్తాయి. నేల కొనడానికి తీసుకుంటే ఎప్పటికీ.

శాంటా మోనికా చివరి గ్రాంటు 1994లో తీసుకుంది. 20 ఏళ్ళు కలిపితే 2014కి అయిపోవాలి. అయితే 2003లో అదే గ్రాంటుకి సవరణగా ఇంకో 2,40,600 డాలర్లు తీసుకుంది. ఎఫ్ఏఏ లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. కాబట్టి 2023 ఆగస్టు దాకా కట్టుబడి ఉండాలంది. ఈ ఊళ్ళో ఒక మామూలు ఇల్లు పది లక్షల డాలర్ల పైనే పలుకుతుంది. అందులో నాలుగో వంతు కూడా లేని డబ్బుకి తొమ్మిదేళ్ళు. నన్నడిగితే ఈ మొత్తం కథలో అతి ఖరీదైన చెక్కు అదే. తీసుకున్న అధికారి తప్పని కూడా అనలేం. వచ్చిన డబ్బు వద్దనే ఆఫీసు ఎక్కడుంటుంది?

నేల ఎవరిదన్నది వేరు, దాని మీద ఎవరు ఏ కాగితం రాసిచ్చారన్నది వేరు. ఈ ముడి మనకి కొత్తేమీ కాదు. వరంగల్ దగ్గర మామునూరు విమానాశ్రయం నిజాం కాలం నాటిది, 1981 నుంచి మూతపడి ఉంది. మళ్ళీ తెరవాలని ఎన్ని ప్రభుత్వాలు అనుకున్నా అడ్డొచ్చింది శంషాబాద్ ఒప్పందంలో ఒక షరతు. అక్కడ విమానాశ్రయం మొదలైన 25 ఏళ్ళ దాకా 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి రాకూడదని. జీఎంఆర్ అభ్యంతరం లేదని రాసిచ్చాకే 2025లో మామునూరుకి కేంద్రం అనుమతి వచ్చింది. శాంటా మోనికా వాళ్ళు కాగితం వల్ల మూసుకోలేకపోయారు, వరంగల్ వాళ్ళు కాగితం వల్ల తెరుచుకోలేకపోయారు.

రోజూ ఏం జరుగుతుంది

ఇలాంటి విమానాశ్రయంలో పగలు గడిచే తీరు మన చిన్న బస్టాండు కంటే గొప్పగా ఏమీ ఉండదు. ఊరి తరఫున ఒక మేనేజరు, ఆయన కింద కొద్దిమంది సిబ్బంది. పొద్దున్నే రన్‌వే మీద కారులో తిరిగి రాళ్ళు, పక్షులు, పాడైన లైట్లు చూసుకుంటారు. విమానాలకి పెట్రోలు పొయ్యడం, పైలట్లకి కాఫీ ఇవ్వడం, జెట్‌లో దిగినవాళ్ళకి కారు పిలవడం లాంటివి చూసుకునే కంపెనీలుంటాయి. ఊరు వాటికి నేల లీజుకిస్తుంది. ఆదాయం ఆ లీజుల నుంచి, హ్యాంగర్ల (విమానాలు నిలిపే షెడ్ల) అద్దెల నుంచి, ఇంధనం గ్యాలన్‌కి ఇంతని వచ్చే రుసుము నుంచి, దిగిన ప్రతిసారీ బరువుని బట్టి వసూలు చేసే ల్యాండింగ్ ఫీజు నుంచి వస్తుంది. శాంటా మోనికాలో దీనికి తోడు చప్పుడు చూసుకునే ఆఫీసొకటుంది. రన్‌వే కొసల దగ్గర మైకులు పెట్టి ప్రతి విమానాన్నీ కొలుస్తారు. 95 దాటితే మొదట హెచ్చరిక, ఆ తర్వాత జరిమానా, మానకపోతే ఇక రావద్దంటారు. పైకి లేచేటప్పుడు పక్కనున్న పెన్‌మార్ గోల్ఫ్ మైదానం మీదుగా పొమ్మని పైలట్లకి చెబుతారు, ఇళ్ళ మీద కంటే గడ్డి మీద నయమని. 2015 మార్చిలో నటుడు హారిసన్ ఫోర్డ్ నడుపుతున్న పాత శిక్షణ విమానం పైకి లేచిన కాసేపటికే ఇంజన్ ఆగిపోతే ఆయన దించింది ఆ మైదానంలోనే. గాయాలతో బయటపడ్డాడు.

అన్నీ అంత సులువుగా తేలలేదు. 2013 సెప్టెంబర్‌లో ఒక సెస్నా జెట్ దిగాక రన్‌వే పక్కకి జరిగి హ్యాంగర్‌లోకి దూసుకెళ్ళింది. కప్పు కూలి, మంటలు రేగి, నలుగురు చనిపోయారు. అదే జెట్ రన్‌వే కొస దాటి ఉంటే ఎదురుగా ఇళ్ళే. ఈ భయం ఊరికి ముందే ఉంది. వేగంగా దిగే పెద్ద జెట్‌లని 2008లో ఊరు నిషేధిస్తే ఎఫ్ఏఏ ఒప్పుకోలేదు, 2011లో కోర్టు కూడా ఎఫ్ఏఏ వైపే నిలబడింది. హామీల్లో "తేడా చూపించకూడదు" అన్నది అక్కడ అడ్డొచ్చింది.

ఇంకో బాధ కంటికి కనపడనిది. చిన్న పంకా విమానాల ఇంధనంలో ఇప్పటికీ సీసం కలుపుతారు. కార్ల పెట్రోల్లో ఎప్పుడో మానేసిన సీసమే. పరిమితి లీటరుకి 0.56 గ్రాములు. మనవాళ్ళు బాగా ఉండే శాన్ హోసేలో రీడ్-హిల్‌వ్యూ అనే కౌంటీ విమానాశ్రయం ఉంది. దాని దగ్గర్లో ఉన్న పిల్లల రక్తంలో సీసం ఎక్కువుందని 2021లో కౌంటీ చేయించిన పరిశీలనలో తేలింది. 2022 జనవరి నుంచి అక్కడ ఆ ఇంధనం అమ్మడం ఆపేశారు.

మరి తవ్వి పారేస్తే?

ఇంత గొడవెందుకు, ఒక రాత్రి బుల్డోజర్ పంపిస్తే సరిపోదా అనిపిస్తుంది. ఒకాయన నిజంగానే పంపించాడు. షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున మీగ్స్ ఫీల్డ్ అనే ఊరి విమానాశ్రయం ఉండేది. 1990ల్లో కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడినవాళ్ళందరికీ అది పరిచయమే. ఆట తెరవగానే మన విమానం నిలబడి ఉండే రన్‌వే అదే. 2003 మార్చి 30 అర్ధరాత్రి దాటాక మేయర్ రిచర్డ్ డేలీ మనుషులు వచ్చి రన్‌వే మధ్యలో పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వేశారు. తెల్లారేసరికి 16 విమానాలు లోపల ఇరుక్కుపోయి ఉన్నాయి. తర్వాత వాటిని పక్కనున్న ట్యాక్సీవే (విమానాలు రన్‌వే దాకా నడిచే దారి) మీద నుంచి ఎగరనిచ్చారు. ముందుగా చెప్పనందుకు ఊరికి పడిన జరిమానా 33,000 డాలర్లు. తీసుకున్న గ్రాంటు డబ్బులో 10 లక్షల డాలర్లు వెనక్కి కట్టారు. ఒక్క మేయరుకి అంత చవగ్గా పని జరిగిపోయేసరికి పార్లమెంటు వెంటనే జరిమానా రోజుకి 10,000 డాలర్లు చేసింది. అక్కడ ఇప్పుడు పార్కుంది.

శాంటా మోనికాలో బుల్డోజర్ వెళ్ళలేదు, లాయర్లు వెళ్ళారు. 1948 షరతు మీద ఊరు 2013లో వేసిన దావాని, ఆలస్యమైందని మరుసటి ఏడాది కొట్టేశారు. 2016లో పై కోర్టు దాన్ని మళ్ళీ బతికించింది. ఇదే సమయంలో 2023 దాకా గ్రాంటు హామీలున్నాయని ఎఫ్ఏఏ తేల్చిచెప్పింది. ఊరు లీజు కంపెనీలకి ఖాళీ చెయ్యమని నోటీసులిచ్చింది, ఎఫ్ఏఏ ఆపింది. రెండు పక్షాలకీ ఓడిపోతే ఏం పోతుందో తెలుసు. ఊరు ఓడితే విమానాశ్రయం శాశ్వతం. కేంద్రం ఓడితే, ఇలాంటి 1940ల కాగితాలున్న ఊళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి, అవన్నీ లైనులో నిలబడతాయి.

2017 జనవరి 28న కౌన్సిల్ 4-3 తేడాతో రాజీకి ఒప్పుకుంది. 2028 డిసెంబర్ 31 దాకా నడపాలి, ఆ తర్వాత మూసుకోవచ్చు. 1948 షరతుతో సహా అన్ని వివాదాలూ దాంతో తీరిపోయాయి. ఈలోపు రన్‌వేని 4,973 అడుగుల నుంచి 3,500 అడుగులకి తగ్గించుకోవచ్చు. మీటర్లలో 1,516 నుంచి 1,067. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లని గుర్తుచేసుకుంటే ఎంత పొట్టిదో తెలుస్తుంది. ఊళ్ళో చాలామంది దీన్ని లొంగిపోవడమన్నారు, 2023లో మూసేదానికి ఇంకో అయిదేళ్ళు ఎందుకిచ్చారని. పైలట్ల సంఘాలు కూడా అంతే కోపంగా ఉన్నాయి. నిలబెట్టాల్సిన ఎఫ్ఏఏ వదిలేసిందని. వాళ్ళ భయం ఉత్తిది కాదు. నగరాల మధ్య ఒక రన్‌వే పోతే అది ఇంకెక్కడా పుట్టదు. అక్కడి విమానాలూ, శిక్షణ స్కూళ్ళూ వాన్ నైస్ లాంటి పక్క విమానాశ్రయాల మీద పడతాయి, వాటి పక్కన ఉన్న ఇళ్ళవాళ్ళకి కొత్త చప్పుడు మొదలవుతుంది. ఇక్కడి చప్పుడు భరించేవాళ్ళలో చాలామంది కూడా శాంటా మోనికా వాళ్ళు కారు. సరిహద్దుకి అవతల, లాస్ ఏంజెలస్ నగరంలో ఉంటారు. ఈ కౌన్సిల్‌కి వాళ్ళు ఓటెయ్యలేరు.

2017 డిసెంబర్‌లో రన్‌వేని రెండు కొసలా కోశారు. పెద్ద జెట్‌లకి ఆ పొడవు చాలదు, కాబట్టి రావడం మానేశాయి. చట్టం చేసి 1975 నుంచీ ఆపలేకపోయినవాటిని 1,473 అడుగుల తారు తీసేసి ఆపారు.

ఇక మిగిలింది 2029లో ఆ నేలని ఏం చెయ్యాలన్నది. దానికి సగం జవాబు 2014లోనే వచ్చింది. ఆ ఏడాది ఓటింగులో విమానాల పరిశ్రమ పెట్టించిన తీర్మానం ఓడిపోయి, ఊరి కౌన్సిల్ పెట్టినది 60 శాతం ఓట్లతో గెలిచింది. దాని ప్రకారం విమానాశ్రయం మూసేశాక అక్కడ పార్కులు, ఆటస్థలాలు, బహిరంగ స్థలాలు పెట్టడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంకేం కట్టాలన్నా ఊరంతా మళ్ళీ ఓటెయ్యాలి. ఇప్పుడు ఊళ్ళో ఇళ్ళ కొరత బాగా ఉంది, అపార్ట్‌మెంట్లు కట్టాలనేవాళ్ళు గట్టిగానే అడుగుతున్నారు. పార్కు కావాలనేవాళ్ళు 1926 నాటి బాండు చూపిస్తున్నారు.